‘పెట్ సేఫ్’ స్టిక్కర్ వెనక జైలిటాల్: కుక్కలున్నవాళ్లు జాగ్రత్త

కూకట్‌పల్లి వైపు ఒక పెట్ షాపులో షుగర్ ఫ్రీ పీనట్ బటర్ కొన్నాం. డబ్బా మీద ‘పెట్ సేఫ్’ అని పెద్ద స్టిక్కర్. అది పీకి చూస్తే అసలు సంగతి తెలిసింది. అందులో ఏమేం కలిపారో రాసి ఉన్నచోటే సరిగ్గా దాన్ని అంటించారు. కింద జైలిటాల్ అని ఉంది, అంటే చక్కెర బదులు తీపి కోసం కలిపేది. అది మనుషుల కోసం తయారైన సరుకు, షాపతను తెచ్చి కుక్కల అరలో పెట్టాడు.

జైలిటాల్ మనల్ని పెద్దగా ఏమీ చేయదు. కుక్క ఒంట్లో మాత్రం ఇన్సులిన్ ఒక్కసారిగా పెరిగి షుగర్ పడిపోతుంది, చాలాసార్లు గంటలోపే. పది కిలోల కుక్కకు 1 గ్రాము చాలు. ఇంకా ఎక్కువ తింటే లివర్ కూడా దెబ్బతింటుంది. మా కుక్క చింటూ అది తిని అరగంట తిరక్కముందే వాంతి చేసుకుని, కాళ్లు తడబడి కూలబడ్డాడు.

షాపుకు ఫోన్ చేస్తే, “ఏం కాదు సార్, ఉప్పునీళ్లు తాగించి కక్కించండి” అన్నాడు. దయచేసి ఆ పని చేయకండి. ఉప్పు ఎక్కువైతే రక్తంలో సోడియం పెరిగి ఫిట్స్ వస్తాయి. మగతగా ఉన్న కుక్కను కక్కిస్తే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. కొందరు చెప్పే బొగ్గు మాత్రలు జైలిటాల్‌కు పెద్దగా పనిచేయవు. డాక్టరుకు ఫోన్ చేసి, డబ్బా చేతపట్టుకుని బయల్దేరండి. కుక్క బరువెంత, ఎంత తింది, ఎప్పుడు తింది అన్నవే ఆయన ముందు అడుగుతారు. మాకైతే డబ్బా చూడగానే షుగర్ టెస్ట్ చేసి గ్లూకోజ్ ఎక్కించారు, రాత్రంతా అక్కడే ఉంచుకున్నారు. లివర్ పరీక్షలు తర్వాత కూడా చేయించాం. ఇప్పుడు కులాసాగా ఉన్నాడు. బిల్లెంతయిందో మాత్రం అడక్కండి!

లేబుల్ మీద జైలిటాల్ అని లేకపోయినా ‘967’ అని ఉంటే అదే. షుగర్ ఫ్రీ చూయింగ్ గమ్‌లలోనూ ఉండొచ్చు. ద్రాక్ష, కిస్మిస్ ఇంకో రకం ప్రమాదం, అవి కిడ్నీలను దెబ్బతీస్తాయి. వాటిలోని టార్టారిక్ ఆమ్లమే కారణమని అనుమానం. చింతపండులోనూ అది దండిగా ఉంటుంది కాబట్టి పులిహోర ముద్దలు కూడా వద్దు. ఇలాంటివి తింటే లక్షణాలు కనిపించేదాకా ఆగకండి.

నారాయణగూడలో ప్రభుత్వ పశువుల ఆసుపత్రి ఉంది. అక్కడ ఏ వేళల్లో చూస్తారో, మీ దగ్గర్లో అర్ధరాత్రి తీసే క్లినిక్ ఏదో ఇప్పుడే కనుక్కుని పెట్టుకోండి.

షాపతను డబ్బు వాపసు ఇవ్వలేదు సరికదా, “అందరూ కొంటున్నారు, మీకొక్కరికే వచ్చిందా?” అన్నాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాం. మీ ఇంట్లోనూ ఇలాంటి స్టిక్కర్ వేసిన డబ్బా ఉంటే పీకకముందొకటి, పీకాక ఒకటి ఫొటో తీసి, బిల్లు దాచిపెట్టి, మీరూ ఫోన్ చేయండి.