డ్రోనా, తైవాన్ పంపా: వరికి మందు కొట్టడానికి ఏది మేలు?

మొన్న సార్వాలో (ఖరీఫ్ పంటలో) మా పక్క చేలోకి డ్రోన్ వచ్చింది. పది లీటర్ల ట్యాంకు. పది నిమిషాల్లో ఎకరం అయిపోయింది. అదే తైవాన్ పంపయితే (వీపున తగిలించుకుని కొట్టే పెట్రోలు ఇంజను పంపు) ఎకరానికి 200 లీటర్ల దాకా నీళ్లు కలపాలి. అంటే ఇరవై లీటర్ల ట్యాంకు పదిసార్లు వీపున ఎత్తుకుని, బురదలో దిగబడుతూ, ఆ మందు వాసన పీలుస్తూ తిరగాలి. ఏళ్ల తరబడి ఆ పని చేసినవాడిగా చెబుతున్నా, ఒంటికి డ్రోనే మేలు.

కొనడం మాత్రం వేరే లెక్క. నమో డ్రోన్ దీదీ పథకం కింద 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలని 2023 నవంబరులో కేంద్ర కేబినెట్ నిర్ణయించింది. ఖర్చులో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షలు సబ్సిడీ అన్నారు. మా వదిన వాళ్ల డ్వాక్రా సంఘానికి కూడా ఆశ పుట్టింది. అయితే సబ్సిడీ కొనేటప్పుడే, తర్వాతి ఖర్చు చాలావరకు మనదే. నిండు ట్యాంకుతో ఎగిరితే బ్యాటరీ పది నిమిషాలకే దిగిపోతుంది. చేలో కరెంటు ఉండదు కాబట్టి జనరేటరు, దానికి పెట్రోలు, ఇవన్నీ తీసుకెళ్లడానికి ఆటో కావాలి. ఆ రోజు డ్రోన్ ఎగిరిన సేపటికన్నా గట్టు మీద జనరేటరు మోగిన సేపే ఎక్కువ. కొన్ని వందల చార్జింగులయ్యాక బ్యాటరీలో సత్తువ తగ్గుతుంది, కొత్తది కొనాలి. ఎగరేసే మనిషికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి, బీమా కట్టాలి. తైవాన్ పంపు మొరాయిస్తే ఊళ్లో మెకానిక్కే సాయంత్రానికి బాగుచేస్తాడు. డ్రోన్ కరెంటు తీగకు తగిలి పడితే, విడిభాగం వచ్చేలోపు మందు కొట్టే అదను దాటిపోతుంది.

ఇంకొకటి, పట్టిన పురుగు ఏదో చూసుకోవాలి. ఆకుముడత పురుగు పైఆకుల్లో ఉంటుంది, దానికి డ్రోన్ బాగానే పనికొస్తుంది. వరి రసం పీల్చే సుడిదోమ అలా కాదు, దుబ్బు మొదట్లో నీటికి కాస్త పైన గుంపుగా పట్టి ఉంటుంది. పాయలు తీసి (చేను మధ్య సన్నటి దారులు విడదీసి) మొదళ్లు తడిసేలా కొట్టాలని వ్యవసాయ శాఖ వాళ్లు చెప్పేది అందుకే. ఎకరానికి పది లీటర్ల సన్నటి తుంపర, దట్టంగా ఎదిగిన చేలో అంత కిందికి సరిగా దిగదు. నా మటుకు సుడిదోమకు తైవాన్ పంపునే నమ్ముతాను.

పక్కన రొయ్యల చెరువు ఉంటే డ్రోన్ జోలికే పోవద్దు. ఆ తుంపర గాలికి ఎటైనా కొట్టుకుపోతుంది. సైపర్‌మెత్రిన్ లాంటి మందులు చేపలకూ రొయ్యలకూ ప్రాణాంతకం.

నాలుగైదు ఎకరాల రైతుకు డ్రోన్ అద్దెకు తెచ్చుకోవడమే మంచిది, కొనడం వద్దు. సంఘం కొనవచ్చు, చుట్టుపక్కల చేతినిండా పని దొరికితేనే. మా వదిన ఇప్పుడు పుస్తకం పట్టుకుని మూడు ఊళ్లు తిరుగుతోంది. ఎవరు ఎన్ని ఎకరాలకు పిలుస్తారో, ఎవరి చేను చెరువు పక్కన ఉందో రాసుకుంటోంది. ఆ లెక్క తేలాకే దరఖాస్తు పెడతామంటోంది.