గేటు మేలా, పట్టా మేలా? ఊటీ, అరకు, తిరుమల

మూడు రోజులు వరసగా సెలవులు కలిసొస్తే చాలు, హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంట్ లిఫ్టులో నిలబడినా ఒకటే మాట: ఊటీయా, అరకా? చలి ఎక్కడ బాగుంటుంది, రూమ్ ఎక్కడ చవక, పిల్లలకు ఎక్కడ కాలక్షేపం అనే లెక్కలు అందరూ వేసుకుంటారు. నేను వేయబోయేది ఇంకో లెక్క. మనలాంటివాళ్లు వేలమంది ఒకేసారి ఎక్కితే ఆ కొండ ఊరు తట్టుకోవడానికి ఏం చేస్తోంది, చేసినదాంట్లో ఏది పనిచేస్తోంది?

మూడు ఊళ్లు, మూడు పద్ధతులు. ఊటీ కొండ కింద గేటు పెట్టి బండ్లు లెక్కపెడుతోంది. అరకు తన భూమిని బయటివాళ్ల పేరు మీదికి వెళ్లనివ్వదు. తిరుమలలో కొండ మీది ఊరు మొత్తం ఒకే సంస్థ చెప్పుచేతల్లో ఉంటుంది. తిరుమలను టూరిస్టు ఊళ్లతో కలపడమేంటని కొందరికి కోపం రావొచ్చు. భక్తి సంగతి కాసేపు పక్కన పెట్టి చూడండి. రోజూ 60 వేల నుంచి 80 వేల మందిని కొండెక్కించి, అన్నం పెట్టి, దించే అనుభవం తెలుగువాళ్లకు ఉన్నది అక్కడే.

ముందు ఊటీ. 1819లో కోయంబత్తూరు కలెక్టర్ జాన్ సల్లివన్ కొండెక్కేనాటికి అక్కడున్నవి తోడా గిరిజనుల గేదెల మందలు, బడగ రైతుల పొలాలు, గడ్డి మైదానాలు. ఎకరం రూపాయి లెక్కన తోడాల దగ్గర భూమి కొన్నాడని చెబుతారు. అంటే ఊటీ కథ మొదలైందే భూమి చేతులు మారడంతో. తర్వాత చెరువు కట్టించింది కూడా ఆయనే. ఆ వెనకే తెల్లవాళ్ల బంగళాలు, మద్రాసు ప్రభుత్వం వేసవి మకాం, 1908లో ఊటీ దాకా బుల్లి రైలు వచ్చాయి. ఇవాళ మనం టికెట్ కొని బోటు ఎక్కే చెరువు అప్పటి చెరువులో ఒక ముక్క మాత్రమే. మిగతాది పూడ్చి బస్టాండు, గుర్రప్పందేల మైదానం చేసుకున్నారు. ఊరి మురుగేమో ఆ మిగిలిన ముక్కలోకే చేరుతూ వచ్చింది. 2009 నవంబర్‌లో కుండపోత వానలకు ఊటీ ఉన్న నీలగిరుల్లో కొండచరియలు విరిగిపడి 40 మందికి పైగా చనిపోయారు. వాలు మీద ఎక్కడ కట్టకూడదో అక్కడ కట్టడం వల్ల నష్టం ఇంకా పెరిగిందనే మాట అప్పుడు గట్టిగానే వినిపించింది. ఆ తర్వాత కూడా ఎండాకాలం వస్తే కార్ల వరస తగ్గలేదు.

చివరికి కోర్టు కలగజేసుకుంది. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి నీలగిరి జిల్లాకు, కొడైకెనాల్‌కు బయటి బండ్లకు ఈ-పాస్ తప్పనిసరి అయింది. మొదట అది లెక్క తెలుసుకోవడానికే; అడిగినవాళ్లందరికీ పాస్ ఇచ్చారు. 2025 వేసవికి వచ్చేసరికి సంఖ్యే కట్టేశారు: నీలగిరులకు మామూలు రోజుల్లో 6 వేల బండ్లు, శని ఆదివారాల్లో 8 వేలు, కొడైకెనాల్‌కు 4 వేలు, 6 వేలు. అసలు ఈ కొండలు ఎంతమందిని మోయగలవో తేల్చమని ఐఐటీ మద్రాసుకు, ఐఐఎం బెంగళూరుకు అప్పగించారు. పరిమితి పెట్టగానే అక్కడి వ్యాపారులు షాపులు మూసి నిరసన తెలిపారు. వాళ్ల బాధ అర్థమవుతుంది. ఏప్రిల్, మే నెలల సంపాదనతో ఏడాదంతా గడిపే లాడ్జీకి ఒక శనివారం పోవడం చిన్న విషయం కాదు.

ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చింది ఒకటుంది. ప్రభుత్వ బస్సులో, రైల్లో వచ్చేవాళ్లకు పాస్ అక్కర్లేదు. లెక్కంతా ప్రైవేటు బండ్లకే. మెట్టుపాళయం దాటాక కల్లార్ చెక్‌పోస్టు దగ్గర చూస్తే తేడా తెలుస్తుంది. కార్లు ఆగి ఫోన్‌లో క్యూఆర్ కోడ్ చూపించుకుంటూ, డిక్కీలోని ప్లాస్టిక్ నీళ్ల సీసాలు అక్కడే వదిలేసుకుంటూ ఉంటే, సర్కారు బస్సు పక్కనుంచి తాపీగా వెళ్లిపోతుంది. (హైదరాబాద్ నుంచి కారులో మైసూరు మీదుగా వెళ్లేవాళ్లకు ఒక మాట: బందీపూర్ అడవిలో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా రోడ్డు మూసేస్తారు. అది లెక్కలో పెట్టుకోకపోతే రాత్రంతా గుండ్లుపేటలో టీ తాగుతూ కూర్చోవాలి.)

నచ్చనిదీ చెప్పాలి. గేటు పడేసరికే ఊరు నిండిపోయింది. గేటు రేపు వచ్చే బండిని ఆపగలదు గానీ, నిన్న లేచిన హోటల్‌ను ఏమీ చేయలేదు. పైగా కోర్టు ఉత్తర్వు మీద నడిచే ఏర్పాటు మళ్లీ కోర్టులోనే సడలొచ్చు కూడా.

అరకు దారి వేరు. అక్కడ గేటు లేదు, పాస్ లేదు. ఉన్నదల్లా ఒక చట్టం. ఏజెన్సీలో చిన్న పిల్లవాడికి కూడా దాని పేరు తెలుసు: ఒన్ ఆఫ్ సెవెంటీ. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో సవరించి, షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి వెళ్లకుండా కట్టుదిట్టం చేశారు. ఒక గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. 1997లో సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఇంకో మెట్టు ఎక్కించింది. అరకు పక్కనే ఉన్న అనంతగిరి మండలంలో ప్రైవేటు గనులకు ఇచ్చిన లీజుల మీద వచ్చిన కేసు అది. ఆ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడానికి వీల్లేదని తీర్పు వచ్చింది. అంటే పెద్ద హోటల్ గొలుసులు వచ్చి కొండవాలు కొనేసుకునే దారి అక్కడ చట్టంలో లేదు. ఊటీలో రూపాయికి మొదలైన వ్యవహారం ఇక్కడ మొదలే కాకూడదని ఆపారన్నమాట.

చట్టం ఉంది కదా అని నిశ్చింతగా ఉండొచ్చా? మా బావ కూకట్‌పల్లిలో రియల్ ఎస్టేట్ చేస్తాడు. నిరుడు చలికాలం అరకు వెళ్లొచ్చి, "అరెకరం తీసుకుని నాలుగు కాటేజీలు వేస్తే డబ్బే డబ్బురా" అన్నాడు. "నీ పేరు మీద రిజిస్ట్రేషనే అవ్వదు బావా, అది ఏజెన్సీ" అన్నాను. "పేరుదేముంది, అక్కడివాడి పేరు మీదే పెడదాం, నెలకింత ఇస్తే వాడే సంతకం పెడతాడు" అన్నాడు, చాలా మామూలుగా. అదే అక్కడి అసలు సమస్య. పట్టా గిరిజనుడి పేరు మీద ఉంటుంది, పెట్టుబడి మైదానం నుంచి వస్తుంది, లాభం కూడా మైదానానికే పోతుంది. పట్టాదారు తన భూమిలోనే వాచ్‌మన్‌గానో, క్యాంప్‌ఫైర్ వేసే మనిషిగానో మిగులుతాడు.

అయినా ఈ చట్టం ఉత్త కాగితం అనడం అన్యాయం. 2025 ఫిబ్రవరిలో 1/70ని మార్చాలన్న మాట ఒకటి బయటికి రాగానే మన్యం అంతా బంద్ పాటించింది. చట్టం జోలికి వెళ్లబోమని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. ఆ చట్టం వల్ల తమకేమీ ఒరగలేదనుకుంటే జనం ఇలా రోడ్డెక్కరు.

అరకుకు కలిసొచ్చిన రెండో సంగతి కాఫీ. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ చెట్లకే మిరియాల తీగలు. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. టూరిస్టు రాకపోయినా పొయ్యి వెలిగే ఊరు అది. ఇందులోనూ ఒక చిక్కుంది. కాఫీ పళ్లు కోసే కాలం, మనం ఎగబడే కాలం ఒకటే. నవంబర్ నుంచి జనవరి దాకా. కుర్రాడు పళ్లు కోయడానికి వెళ్లాలా, జీపు తోలాలా, బొంగులో చికెన్ బండి పెట్టాలా? రోజు కూలీతో పోల్చితే జీపే లాభం. అలా ఓ పదేళ్లు నడిస్తే తోట ఎవరు చూస్తారన్నది అక్కడి పెద్దవాళ్ల బెంగ, న్యాయమైన బెంగే.

అరకుకు రైలు కూడా ఒక రకంగా గేటే. కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్లే లైను 1960ల్లో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్‌కు పంపడానికి వేసింది. మన అద్దాల బోగీ 2017లో వచ్చింది. పొద్దున విశాఖలో ఎక్కితే సొరంగాలు లెక్కపెట్టుకుంటూ మధ్యాహ్నానికి ముందే అరకులో దిగొచ్చు. సీట్లు ఎన్నో అంతమందే. సమస్య రోడ్డుతోనే. రాజమండ్రి నుంచి చింతపల్లి, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం వెళ్లే జాతీయ రహదారి 516ఈని వెడల్పు చేస్తున్నారు. ఆస్పత్రికి పోవాల్సిన గర్భిణికి ఆ రోడ్డు కావాలి, ఎవరూ కాదనలేరు. అదే రోడ్డు మీద డిసెంబర్ చివర్లో మన కార్లూ వస్తాయి. పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద మబ్బులు చూడ్డానికి తెల్లారకముందే ఎక్కే జనం, దిగేటప్పుడు పొదల్లో వదిలే సీసాలు, చిప్స్ ప్యాకెట్లు చూస్తే, ఇక్కడ కల్లార్ లాంటి చెక్‌పోస్టు ఒకటి ఉంటే బాగుండునని ఎవరికైనా అనిపిస్తుంది. భూమిని కాపాడే చట్టం రద్దీని కాపాడదు.

ఇక తిరుమల. పద్ధతిగా చూస్తే దాని ముందు ఊటీ, అరకు రెండూ చిన్నపిల్లలే. ఎక్కడానికి ఒక ఘాట్ రోడ్డు, దిగడానికి ఇంకోటి. అలిపిరిలో ప్రతి బండీ, ప్రతి బ్యాగూ తనిఖీ. కారు పైకి వెళ్లడానికి కనీసం 28 నిమిషాలు పట్టాలి. అంతకంటే ముందే చేరితే జరిమానా. ప్లాస్టిక్ నీళ్ల సీసా దొరకదు, గాజు సీసా కొని తిరిగిచ్చేస్తే దాని డబ్బులు వెనక్కి వస్తాయి. దర్శనం నెలల ముందే స్లాటు. ఇంటి పక్క కాలేజీలో సీటు కోసం కూడా అంత ముందుగా ప్లాన్ వేసుకోని మా కాలనీవాళ్లు, తిరుమల టికెట్ల రోజున పొద్దున్నే ముగ్గురు నాలుగు ఫోన్లతో కూర్చుంటారు.

అంతా ఇంత సజావుగా ఉన్నచోట కూడా ఒకటి గమనించాలి. పైన తలుపు మూస్తే జనం మాయమైపోరు, కింద పోగవుతారు. 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం తిరుపతిలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. కొండ మీద కాదు, కింద ఊళ్లో. గేటు పెట్టే ఏ కొండ ఊరైనా గేటు బయట ఏం జరుగుతుందో కూడా చూసుకోవాలి. ఇంకోటి, తిరుమల పద్ధతిని అరకుకు తీసుకెళ్లి అతికించలేం. అక్కడ నిర్ణయం చెప్పేది దేవస్థానం. అరకులో పంచాయతీ ఉంది, సంత ఉంది, తరతరాలుగా దున్నుకునే పొలం ఉంది. ఊరి మనుషుల్ని ఉద్యోగుల్లా మార్చేసి ఊరిని శుభ్రంగా ఉంచడం గొప్పేమీ కాదు.

బండ్లను ఆపే గేటు లేని ఊళ్ల సంగతి చెప్పాలంటే ఉత్తరాదికి వెళ్లాలి. సిమ్లాలో 2018 మేలో నీళ్లకు కటకట వచ్చి, దయచేసి రావొద్దని టూరిస్టులకు చెప్పుకునే దాకా వచ్చింది. జోషీమఠ్ పాత కొండచరియల మట్టి మీద కూర్చున్న ఊరని, భారీ కట్టడాలు వద్దని 1976లోనే మిశ్రా కమిటీ చెప్పింది. 2023 జనవరిలో ఇళ్ల గోడలు బీటలువారి కుటుంబాలు ఖాళీ చేయాల్సి వచ్చింది.

ఇంతకీ ఏది మేలంటే, నా ఓటు అరకు పట్టాకే, ఊటీ గేటును దానికి జతచేస్తే. రెండింట్లో ఒకటే ఎంచుకోమంటే కూడా పట్టానే ఎంచుకుంటాను. గేటు ఎప్పుడైనా పెట్టుకోవచ్చు, ఒక ఉత్తర్వు చాలు. చేయిజారిన భూమిని వెనక్కి తేవడం ఏ ఉత్తర్వు వల్లా కాదు. ఊటీ చెరువులో పూడ్చిన భాగం మళ్లీ చెరువు అవుతుందా? తిరుమల నుంచి తీసుకోవాల్సింది యాజమాన్యం కాదు, అలవాట్లు: స్లాటు, గాజు సీసా, 28 నిమిషాల నిబంధన.

వెళ్లేవాళ్లకైతే నేను చెప్పేది ఇది. అరకు అయితే రాత్రి రైలుకు విశాఖ, అక్కణ్నుంచి కిరండూల్ రైలు, సోమవారం నుంచి గురువారం లోపు, ఒక రాత్రైనా అక్కడే ఉండి. కాఫీ పొడి గిరిజన సహకార సంస్థ దుకాణంలో. ఊటీ అయితే కారు వద్దు, కోయంబత్తూరు దాకా రైలో విమానమో, పైకి సర్కారు బస్సు. పాస్ టెన్షన్ ఉండదు.

హైదరాబాద్‌లో కూర్చుని ఊటీ, అరకుల గురించి తీర్పులు చెప్పడం తేలిక. మన పక్కనే వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టలున్నాయి. మూసీ పుట్టేది అక్కడే, ఆ నీళ్లే గండిపేటకు రావాలి. ఆదివారం పొద్దున ఆ ఘాట్ రోడ్డు మీద కార్లు ఎలా ఉంటాయో వెళ్లినవాళ్లకు తెలుసు. చుట్టుపక్కల ఊళ్లలో పొలాలు గుంటల లెక్కన ఫామ్ ప్లాట్లుగా కోసి అమ్ముతున్నారు. ఆ బ్రోచర్లు మన అపార్ట్‌మెంట్ గేటు దగ్గరే పంచుతారు. అక్కడ 1/70 వర్తించదు, ఈ-పాస్ లేదు. కట్టడాలకు పగ్గం వేయడానికి తెచ్చిన 1996 నాటి 111 జీవో గండిపేట, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ 10 కిలోమీటర్ల దాకానే చూసింది, గుట్టల దాకా రాలేదు. వికారాబాద్ రైల్వే జంక్షన్. స్టేషన్ నుంచి గుట్ట కొద్ది కిలోమీటర్లే. శని ఆదివారాలు కార్లు ఊళ్లోనే ఆపించి స్టేషన్ నుంచి పైకి బస్సులు నడిపితే, గుట్ట వాలు మీద లేఅవుట్లకు అనుమతి ఆపేస్తే, గేటూ పట్టా రెండూ ఒకేసారి దొరుకుతాయి. మా బావ మాత్రం అరకు కుదరదని తేలాక, ఇప్పుడు అనంతగిరి దగ్గర గుంట ఎంత పలుకుతోందో కనుక్కుంటున్నాడు.