పాత అంబాసిడర్‌కు ఏ కాపలా మేలు: స్విచ్చా, రాడ్డా, ట్రాకరా?

మా నాన్నగారి అంబాసిడర్ 1977 మోడల్, మార్క్ 3. పోయినేడాది ఒక ఉదయం సెల్లార్‌లోకి దిగేసరికి ముందు తలుపు దగ్గరి చిన్న త్రికోణపు అద్దం తెరిచి ఉంది. డ్యాష్‌బోర్డు కింద రెండు వైర్లు పీకి వదిలేశారు. అంతకు రెండు రోజుల ముందే బ్యాటరీ తీసి చార్జింగ్‌కు ఇచ్చాను కాబట్టి బండి దక్కింది. ఆ రోజు నుంచి ఒక్కో పద్ధతీ పెట్టి చూస్తున్నాను.

ముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కొత్త కార్లలో తాళంచెవిలోని చిప్‌ను ఇంజిన్ కంప్యూటర్ గుర్తుపడితేనే బండి స్టార్ట్ అవుతుంది. మన బళ్లలో కంప్యూటరే లేదు. బ్యాటరీ నుంచి కాయిల్‌కు (ఇంజిన్‌లో స్పార్క్ పుట్టించే చుట్ట) ఒక వైరు లాగి, సెల్ఫ్‌కు కరెంటు ఇస్తే తాళంతో పనే లేదు. మా బండికి తాళం డ్యాష్‌బోర్డు మీద ఉంటుంది, స్టీరింగ్‌కు లాకు కూడా లేదు.

అందరూ మొదట చెప్పేది జీపీఎస్ ట్రాకర్. రోజూ తిరిగే కారుకు అది మంచిదే. నెలకోసారి బయటికి తీసే బండికి మాత్రం ఇబ్బంది. ట్రాకర్ సగటున 20 మిల్లీ ఆంపియర్లు లాగినా రోజుకు దాదాపు అర ఆంపియర్ అవర్, నెలకు పధ్నాలుగు పైమాటే. 50 ఆంపియర్ అవర్ బ్యాటరీలో పావు వంతు కంటే ఎక్కువ ఊరికే పోతుంది. సెల్లార్‌లో ఉపగ్రహాల సిగ్నల్ సరిగా అందదు. 1960ల మధ్య వరకు వచ్చిన బ్రిటిష్ డిజైన్ బళ్లలో చాలావాటికి పాజిటివ్ ఎర్త్ ఉంటుంది, అంటే బ్యాటరీ నెగటివ్‌కు బదులు పాజిటివ్ కొసను బాడీకి కలుపుతారు. అలాంటి బండికి మామూలు ట్రాకర్‌ను చూసుకోకుండా కలిపితే కాలిపోవచ్చు.

అన్నిటికంటే పెద్ద లోపం ఏమిటంటే, ట్రాకర్ దొంగను ఆపదు, బండి పోయాక వెతకడానికి పనికొస్తుంది. పాత బండిని ఎత్తుకెళ్లేవాడు దాన్ని అలాగే దాచుకుంటాడని ఎందుకు అనుకోవాలి? మీరట్‌లోని సోతీగంజ్ బజారు దొంగబళ్లను విప్పి విడిభాగాలుగా అమ్మడానికి దేశమంతా పేరుపడింది. 2021 డిసెంబర్‌లో పోలీసులు దాన్ని మూయించారు. ఇంజిన్ ఒకచోటికి, తలుపులు ఒకచోటికి చేరాక ట్రాకర్ చుక్క చూపించిన చోట మనకు దొరికేది రేకుముక్కలే. అందుకే బండిని కదలనివ్వని ఏర్పాటుకే నా మొదటి ఓటు.

అందులోనూ తేడాలున్నాయి. బ్యాటరీ కట్ఆఫ్ స్విచ్ చవక, షార్ట్ సర్క్యూట్ భయం కూడా తగ్గుతుంది. కానీ అది బానెట్ కింద బ్యాటరీ పక్కనే కనిపిస్తుంది, తెలిసినవాడు ఒక కేబుల్‌తో దాన్ని దాటేస్తాడు. డ్యాష్‌బోర్డు కింద కాయిల్‌కు వెళ్లే కరెంటును ఆపే రహస్య స్విచ్ పెట్టుకున్నా అంతే. నేరుగా బ్యాటరీ నుంచి కాయిల్‌కు వైరు లాగితే మన స్విచ్ ఉన్నట్టే వాడికి తెలియదు, బండి స్టార్ట్ అవుతుంది.

మా పాత మెకానిక్ చెప్పిన ఉపాయం దీనికంటే చాలా మేలు. కాయిల్‌కు రెండు చిన్న టర్మినళ్లు ఉంటాయి. ఒకదానికి తాళం వైపు నుంచి కరెంటు వస్తుంది, రెండోది డెల్కోలోని (స్పార్క్‌ను సిలిండర్లకు పంచే డిస్ట్రిబ్యూటర్) పాయింట్లకు, అంటే కలుస్తూ విడుతూ ఉండే చిన్న స్విచ్‌కు వెళ్తుంది. పాయింట్లు విడి కరెంటు తెగినప్పుడే స్పార్క్ పుడుతుంది. ఆ రెండో టర్మినల్ నుంచి సన్నటి వైరు తీసి, దాచిపెట్టిన స్విచ్ ద్వారా బాడీకి ఎర్త్ చేయాలి. స్విచ్ వేసి ఉంటే పాయింట్లు ఎన్నిసార్లు విడినా కరెంటు తెగదు. సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు. దొంగ కొత్త వైరు లాగినా ఫలితం అదే. బండి పాడైందనుకుని వదిలిపోయే అవకాశం ఎక్కువ. ఒక్క జాగ్రత్త: స్విచ్ వేసి ఉండగా తాళం ఆన్‌లో ఎక్కువసేపు వదిలేస్తే కాయిల్ వేడెక్కుతుంది.

వారాల తరబడి ఊరెళ్తే డెల్కో మూత తీసి, లోపల తిరిగే చిన్న ముక్క రోటర్‌ను పట్టుకుపోవడం ఇంకా గట్టి పద్ధతి. ఖర్చు లేదు, రెండు నిమిషాల పని. అంబాసిడర్ గురించి బాగా తెలిసినవాడు జేబులో వేరే రోటర్ తెచ్చుకోవచ్చు, నిజమే. అంత సిద్ధపడి వచ్చేవాళ్లు తక్కువ.

డీజిల్ అంబాసిడర్ ఉన్నవాళ్లకు పైన చెప్పిన కాయిల్, డెల్కో ఉపాయాలు పనికిరావు. స్పార్కే లేని ఇంజిన్ అది. లాగి ఆపే కేబుల్ ఉన్న పాత ఇంజిన్ అయితే బ్యాటరీ లేకపోయినా వాలులో దొర్లించి గేరులో వేస్తే అందుకుంటుంది. దానికి డీజిల్ పైపు మీద ట్యాప్ పెట్టించుకోవాలి. మరిచిపోయి ట్యాప్ తిప్పకుండా స్టార్ట్ చేస్తే పైపులోకి గాలి పట్టి బ్లీడింగ్ చేయాల్సి, అంటే ఆ గాలిని బయటికి తీయాల్సి వస్తుంది. ఆ టెన్షన్ భరించగలిగితేనే పెట్టించండి.

ఇక స్టీరింగ్ చక్రానికి అడ్డంగా బిగించి తాళం వేసే రాడ్. పాత స్టీరింగ్ చక్రం సన్నగా ఉంటుంది, రంపంతో చక్రాన్నే కోస్తే రాడ్ ఊడి వస్తుంది. అయినా అద్దంలోంచి చూసినవాడు పక్క బండికి పోతాడన్న ఆశతో నేను వాడుతున్నాను. గేర్ లాక్ సంగతి వేరు: మార్కెట్లో దొరికేవి ఫ్లోర్ గేరుకు చేసినవి. ఇసుజు ఇంజిన్‌తో వచ్చిన 1800 అంబాసిడర్‌కు కుదరవచ్చు కానీ, మాలాంటి హ్యాండ్ గేర్ (స్టీరింగ్ పక్కన గేరు ఉండే) బండికి అవి పట్టవు.

వీటిలో ఏదీ బండిని ట్రక్కు మీదికి ఎత్తేసేవాడిని ఆపలేదు. రోడ్డు పక్కన పార్క్ చేసేవాళ్లకు అసలు భయం అదే. వాళ్లు చక్రానికి క్లాంప్ వేసుకోవాలి, సొంత బ్యాటరీ ఉన్న ట్రాకర్‌ను కూడా సీటు లోపల దాచాలి. ఇక్కడ మాత్రం ట్రాకర్ తప్పనిసరి అంటాను. సెల్లార్‌లో పెట్టే నాకు ఎర్త్ స్విచ్, రాడ్, ఊరెళ్తే రోటర్ చాలు.

ఇన్సూరెన్స్ కాగితం ఒకసారి తీసి చూడండి. చాలా పాత బళ్లకు థర్డ్ పార్టీ మాత్రమే కట్టి ఉంటుంది, దాంతో దొంగతనానికి పైసా రాదు. సమగ్ర పాలసీ తీసుకుంటే, ఐదేళ్లు దాటిన బండి విలువను కంపెనీ, మనం మాట్లాడుకుని ఖరారు చేసుకోవాలి. బాగు చేయించిన బిల్లులు, ఫొటోలు ఆ మాటల్లో చాలా పనికొస్తాయి. మా బండి చాసిస్ నంబరును పెన్సిల్‌తో కాగితం మీద అచ్చు తీసి, ఆర్‌సీతో పాటు బీరువాలో పెట్టాను. రోటర్ కూడా అదే అరలో ఉంటుంది.