పది తర్వాత ఐటీఐనా, పాలిటెక్నిక్కా, మూడు నెలల ట్రైనింగా?

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో మా ఇంటికి ముగ్గురు నలుగురైనా వస్తారు, మావాణ్ణి ఎందులో వెయ్యమంటారని అడగడానికి. నేను ఐటీఐ ఫిట్టర్ చదివి ఇన్నేళ్లుగా ఫ్యాక్టరీల్లోనే ఉన్నవాణ్ణి, అందుకని. ఎంపీసీలో వేసి బీటెక్ చదివించే స్తోమత ఉన్నవాళ్ల సంగతి వేరు. ఇరవై దాటేలోపు చేతికి పని రావాలి, ఇంటికి జీతం రావాలి అనుకునే ఇళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు పాలిటెక్నిక్. పాలిసెట్ రాసి చేరితే మూడేళ్లలో డిప్లొమా వస్తుంది. లెక్కలంటే భయం లేని పిల్లలకి నిజంగా మంచి దారి, రైల్వేలో జూనియర్ ఇంజినీర్ పోస్టుకి కూడా డిప్లొమా చాలు. కానీ నాకు తెలిసిన పిల్లల్లో ఎక్కువమంది డిప్లొమా అవగానే ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరిపోయారు. తప్పేం లేదు, కాకపోతే అది మూడేళ్ల చదువు కాదు, ఆరేళ్ల చదువని ఇంట్లోవాళ్లకి ముందే తెలియాలి. పదిలో లెక్కలు అత్తెసరు మార్కులతో గట్టెక్కిన పిల్లాణ్ణి, స్నేహితులు చేరారని ఇందులో వేస్తే మొదటి ఏడాది మ్యాథ్స్ పేపరే ఏళ్ల తరబడి వెంటాడుతుంది.

ఐటీఐ దగ్గర లెక్క వేరు. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ అయితే రెండేళ్లు, వెల్డర్ ఒక్క ఏడాది. ఫిట్టర్‌లో చేరినవాడికి మొదట చేతికిచ్చేది ఆకురాయి. ఒక ఇనుప ముక్కని వైస్‌లో బిగించి, రోజుల తరబడి రాకుతూ, మధ్యమధ్యలో దానికి ట్రైస్క్వేర్ (మూలమట్టం) ఆనించి కిటికీ వైపు పట్టుకుని చూడాలి. సందులోంచి వెలుతురు గీత కనిపిస్తే మళ్లీ రాకాలి. అరచేతులు బొబ్బలెక్కుతాయి, విసుగొస్తుంది, కానీ ఆ వెలుతురు గీత కనబడని రోజు వచ్చాక వాడి చేతికి వచ్చిన ఒడుపు ఇక పోదు. రెండేళ్లలో నేను నేర్చుకున్నవాటిలో ఇప్పటికీ రోజూ పనికొచ్చేది అదే.

అయితే అన్ని ఐటీఐలూ ఇలా ఉండవు. నేను చదివిన చోట ఇరవైమందికి ఒకటే లేత్ (ఇనుముని తిప్పుతూ చెక్కే యంత్రం), అదీ సగం రోజులు ఆగిపోయి ఉండేది. మోటార్ వైండింగ్, అంటే మోటారు లోపలి రాగితీగ చుట్టడం, చేతితో ఒక్కసారైనా చేయకుండానే ఎలక్ట్రీషియన్ సర్టిఫికెట్ పట్టుకొచ్చిన పిల్లలు మా ఫ్యాక్టరీకి వచ్చారు, వాళ్ల మొహాలు చూస్తే బాధేసింది. రెండేళ్లు పోయాయి, అందులో వాళ్ల తప్పేమీ లేదు. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలని టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో హైదరాబాద్ మల్లేపల్లిలో మొదలైంది. కొత్త యంత్రాలు రావడం సంతోషమే, వాటి పక్కన నిలబడి నేర్పే ఇన్‌స్ట్రక్టర్లు కూడా సరిపడా ఉండాలి.

ఇక మూడు నుంచి ఆరు నెలల కోర్సులు. పల్లెల్లోని పేద ఇళ్ల యువత కోసం 2014లో పెట్టిన దీన్‌దయాళ్ గ్రామీణ కౌశల్య యోజనలో ట్రైనింగ్, భోజనం, వసతి అన్నీ ఉచితం, కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపించాలన్న నియమం కూడా ఉంది. చదువు మధ్యలో ఆగిపోయి పాతికేళ్లు వచ్చినవాళ్లకి, పెళ్లయ్యాక ఏదో ఒక పనిలో చేరాలనుకునే ఆడపిల్లలకి ఇది మేలైన దారే. కానీ చేరేముందు ఉద్యోగం ఏ ఊళ్లో, చేతికొచ్చేది ఎంత అని అడగండి. బెంగళూరులో షాపులో నిలబడే ఉద్యోగం ఇప్పించి, గది అద్దె, తిండి పోగా ఇంటికి పంపడానికి ఏమీ మిగలకపోతే ఎన్నాళ్లని ఉంటారు? మా వీధి అమ్మాయి అలాగే నాలుగో నెలలో తిరిగొచ్చేసింది. పదహారేళ్ల పిల్లాణ్ణి మాత్రం ఇందులో వెయ్యొద్దు, వాడికి రెండేళ్లు నేర్చుకునే వయసుంది.

నన్నడిగితే ఐటీఐ, దాని వెంటనే అప్రెంటిస్‌షిప్. ఈ రెండో ముక్క దగ్గరే మనవాళ్లు వదిలేస్తున్నారు. సర్టిఫికెట్ రాగానే ఉద్యోగం వెతుక్కుంటారు, అనుభవం ఎంత అని అడిగితే నీళ్లు నములుతారు. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద కంపెనీలో పని నేర్చుకుంటూ నెలనెలా స్టైపెండ్ తీసుకోవచ్చు. 2019లో నిబంధనలు మార్చి, చదువుని బట్టి నెలకి కనీసం 5,000 నుంచి 9,000 రూపాయల దాకా ఇవ్వాలన్నారు. దక్షిణ మధ్య రైల్వే అయితే రాతపరీక్ష లేకుండా పది మార్కులు, ఐటీఐ మార్కులు కలిపి చూసి అప్రెంటిస్‌లని తీసుకుంటుంది, రైల్వేలో అప్రెంటిస్ పూర్తి చేసినవాళ్లకి తర్వాత లెవెల్-1 (అన్నిటికన్నా కింది స్థాయి) పోస్టుల్లో 20 శాతం కోటా ఉంది. అందుకే పదిలో మార్కులు ఎలా వస్తే ఏంలే అనుకోవద్దని పిల్లలకి తొమ్మిదిలోనే చెప్పాలి.

అప్రెంటిస్ చేసినంత మాత్రాన అదే కంపెనీ ఉద్యోగం ఇస్తుందన్న గ్యారంటీ లేదు, చట్టంలోనూ ఆ బాధ్యత పెట్టలేదు. కొన్నిచోట్ల ఏడాదంతా సామాన్లు మోయించి పంపేస్తారు కూడా. అయినా నడుస్తున్న యంత్రం పక్కన ఏడాది నిలబడినవాడికీ, నోట్సులో బొమ్మ గీసినవాడికీ తేడా మొదటి రోజే తెలిసిపోతుంది.

ఇంకో మాట, ఆడపిల్ల అనగానే కుట్టుపనీ కంప్యూటరూ అనేస్తారు. ఎలక్ట్రీషియన్ సీటు ఆమెకీ వస్తుంది, అడగండి.

ఫీజు కట్టేముందు మాత్రం ఒక పని చేయండి. వర్క్‌షాపు చూస్తామని అడగండి, బ్యాచ్ నడిచే వేళకి వెళ్లండి. లేత్ కింద ఇనుప రజను పడి ఉందా, పిల్లల చేతులకి గ్రీజు ఉందా చూడండి. తాళం తీయడానికి ఎవరో వెళ్లి తాళంచెవి వెతుకుతుంటే, అక్కణ్ణుంచే ఇంకో ఐటీఐకి బండి తిప్పండి.