వాన నడకకు ఏది మేలు: ఇరానీ చాయా, అల్లం టీయా, ఫిల్టర్ కాఫీయా?

ముసురు పట్టిన సాయంత్రం కూడా గొడుగు పట్టుకొని నడకకు బయలుదేరేవారు హైదరాబాదులో తక్కువేమీ కాదు. ఆ నడకలో ఎక్కడో ఒకచోట గొంతులో వేడిగా ఏదైనా పడితే బాగుండునని అనుకోనివారు మాత్రం అరుదు. ఆ పడేది ఏదై ఉండాలన్న దగ్గరే తగవు మొదలవుతుంది. పాతబస్తీ వైపు వారు ఇరానీ చాయ్‌కి సాటి లేదంటారు, రాయలసీమ, నెల్లూరుల నుంచి వచ్చి స్థిరపడినవారు ఫిల్టర్ కాఫీని వదలరు, మిగిలినవారు ఏ బండి దగ్గరైనా ఆగి అల్లం టీ అడుగుతారు. సాధారణంగా ఈ తగవును రుచితోనే తేల్చాలని చూస్తారు. నా ఉద్దేశంలో అది సరైన కొలత కాదు. తాగేది నడకకు ముందా, నడుమా, తరువాతా, తాగే మనిషికి ఆ సమయంలో ఎన్ని చేతులు ఖాళీగా ఉన్నాయి, పడుతున్నది తుంపరా జడివానా అన్నవి కూడా చూసుకొని తేల్చవలసిన వ్యవహారం ఇది.

ముందుగా ఒక అపోహ తీరాలి. వానలో తడిసినవారికి టీ, కాఫీలు ఒంట్లో వేడి పుట్టిస్తాయని అందరూ అంటారు. లెక్క వేసి చూస్తే, 80 మిల్లీలీటర్లు పట్టే చిన్న గ్లాసులో 60 డిగ్రీల వేడి మీద ఉన్న టీ మన ఒంటి వేడికి దిగివచ్చేలోపు మనకిచ్చేది రెండు కిలోకేలరీల లోపే. అందులో కలిపిన రెండు చెంచాల చక్కెర ఇచ్చేది దానికి దాదాపు ఇరవై రెట్లు. అరగంట చురుకుగా నడిచినప్పుడు ఒంట్లో పుట్టే వేడి ఈ రెండింటికన్నా ఎక్కువే. కాబట్టి టీ నిజంగా వెచ్చబరిచేది గ్లాసు పట్టుకున్న వేళ్ళనూ, గొంతునూ, ఆవిరి తగిలే ముక్కునూ మాత్రమే. అది చిన్న సుఖం కాదు గాని, దానికోసం నాలుక కాలేంత వేడిగా తాగనక్కరలేదు. 65 డిగ్రీలకు మించిన వేడితో తాగే పానీయాలను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2016లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో చేర్చింది. పొయ్యి మీది నుంచి దించింది దించినట్టే గొంతులో పోసుకొని, అదో ఘనతగా చెప్పుకొనేవారు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

ఇక ఇరానీ చాయ్ సంగతి. పర్షియాలోని యజ్ద్ వంటి ప్రాంతాల నుంచి బొంబాయి, పూనాల మీదుగా వచ్చిన ఇరానీలు ఈ నగరంలో పెట్టిన హోటళ్ళతో పాటు ఈ పద్ధతీ స్థిరపడింది. ఇందులో టీపొడినీ పాలనూ కలిపి మరిగించరు. టీపొడి వేసిన నీళ్ళను మూత గట్టిగా బిగించి సన్నని సెగ మీద చాలాసేపు మగ్గనిస్తారు. వేరొక పొయ్యి మీద పాలు చిక్కబడి మీగడ కట్టేదాకా కాగుతూనే ఉంటాయి. అడిగినప్పుడు కప్పులో ముందు డికాక్షన్, దానిపై పాలు పోసి ఇస్తారు. అందువల్ల వగరు, తీపి, మీగడ వాసన ఒకదానిలో ఒకటి కరిగిపోకుండా దేనికది తెలుస్తూనే ఉంటాయి. రుచి ఒక్కటే చూడమంటే నేను మొదటి మార్కు దీనికే వేస్తాను. తోడుగా ఉస్మానియా బిస్కెట్టు ఉండనే ఉంది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీదుగా వచ్చిందని చెప్పుకొనే ఆ బిస్కెట్టులో ఉప్పూ తీపీ సరిసమానంగా ఉండటంతో, చాయ్‌లో ముంచినప్పుడు చాయ్ తీపి కొంత అణిగి రుచి తేలుతుంది. అయితే ముసురు రోజుల్లో గాలిలోని చెమ్మకు బిస్కెట్టు ఇట్టే మెత్తబడిపోతుంది. పొద్దుటి ట్రేలోది సాయంత్రం ఇస్తే, ముంచిన క్షణంలోనే విరిగి కప్పు అడుగుకు చేరుతుంది. చార్మినార్ పక్కనే ఉన్న నిమ్రా వంటి చోట్ల బిస్కెట్లు అక్కడే కాల్చి అమ్ముతారు కనుక ఈ బాధ తక్కువ.

ఇంత మెచ్చుకున్నాక కూడా, నడక నడుమ తాగడానికి ఇరానీ చాయ్ తగదనే అంటాను. కారణాలు రెండు. ఒకటి, చిక్కటి పాలతో, దండిగా చక్కెరతో ఉండే ఆ కప్పు కడుపులో బరువుగా కూర్చుంటుంది. తాగి లేచాక మొదటి పది నిమిషాలు కాళ్ళు ముందుకు పడవు. రెండవది ఇంకా ముఖ్యమైనది. సాసరులో పోసుకొని ఆర్చుకుంటూ తాగడమే ఈ చాయ్‌లోని సుఖం. దానికి రెండు చేతులూ, ముందొక బల్లా కావాలి. ఒక చేతిలో నీళ్ళు కారుతున్న గొడుగు ఉన్నవాడు కప్పును సాసరులో నిలబెట్టుకొని జనం మధ్య నిలబడితే, సగం చాయ్ సాసరులోకీ మిగతా సగం చొక్కా మీదికీ పోతుంది. రెయిన్‌కోటు వేసుకునేవారికి చేతులు ఖాళీగానే ఉంటాయి గాని, వారు లోపలి చెమటతో తడిసి, పైన వానతో తడిసి, ఏ వేడీ తాగాలనిపించని స్థితిలో ఉంటారు. కుర్చీ దొరికే చోట అయితే లెక్క మారుతుంది. వాన కుండపోతగా మారి, రోడ్డు మీద నీళ్ళు మోకాలి దాకా వచ్చి, మ్యాన్‌హోలు ఎక్కడుందో తెలియక నడక ఎలాగూ ఆగిపోయిన వేళ, పాలరాతి బల్ల ముందు కూర్చొని ఒక చాయ్‌తో గంట గడపడానికి ఇరానీ హోటలును మించిన ఆశ్రయం లేదు. కనుక అది నడిచేవారి పానీయం కాదు, వాన వల్ల ఆగిపోయినవారి పానీయం. బల్లలు తీసేసి నిలబడి తాగే పద్ధతికి మారిపోయిన హోటళ్ళలో ఆ ఒక్క సౌకర్యం కూడా పోయింది. వాటి గురించి నా ఫిర్యాదు అదే.

అల్లం టీకి పేరు ప్రతిష్ఠలు లేవు. బండి మీద పెద్ద గిన్నె, పక్కన కచ్చాపచ్చాగా దంచిన అల్లం, ప్లాస్టిక్ పరదా కింద తడవకుండా దాచిన అగ్గిపెట్టె, అంతే దాని వైభవం. కానీ నడక నడుమకు అది సరిగ్గా అమరుతుంది. గ్లాసు చిన్నది, అంచు దగ్గర రెండు వేళ్ళతో పట్టుకోవచ్చు, రెండో చేయి గొడుగుకు వదిలేయవచ్చు. నాలుగు గుక్కలలో అయిపోతుంది కనుక ఒళ్ళు చల్లారకముందే మళ్ళీ నడక అందుకోవచ్చు. అల్లం ఘాటు గొంతులో మరో రెండు వీధుల దాకా నిలుస్తుంది. ఇరానీ చాయ్‌లో రుచి నాలుక మీద ఉంటే, దీనిలో అది గొంతులో ఉంటుంది. తడి గాలిలో నడిచేవారికి అవసరమైనది ఆ రెండవదే. వేడి మిరపకాయ బజ్జీకి సరిపడేది కూడా ఇదే. బజ్జీ తిని కాఫీ తాగేవారిని నేను చూశాను గాని, వారు దేన్ని ఆనందించారో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

దీనిలోనూ తిట్టుకోవలసినవి ఉన్నాయి. పచ్చి అల్లంలో మాంసకృత్తులను విరిచే ఎంజైము ఒకటి ఉంటుంది. అల్లాన్ని నేరుగా పాలలో వేస్తే పాలు విరగవచ్చు. అందుకే పని తెలిసినవారు ముందు నీళ్ళలో అల్లం వేసి తెర్లనిచ్చి, తరువాత టీపొడి, ఆఖరున పాలు పోస్తారు. మరిగిన వేడికి ఆ ఎంజైము పని ఆగిపోతుంది. తొందరపడే బండి దగ్గర ఈ వరుస తప్పి, సన్నటి విరుగు తేలుతున్న టీ చేతికి వస్తుంది. ఇంకొక బాధ, వానకు బేరాలు లేక మధ్యాహ్నం పెట్టిన టీనే రాత్రి దాకా మళ్ళీ మళ్ళీ కాచడం. అది గోధుమ రంగు దాటి ఎర్రమట్టి రంగుకు తిరిగి ఉంటుంది; చూడగానే గుర్తుపట్టవచ్చు. అటువంటి చోట మొహమాటపడకుండా కొత్తగా పెట్టమని అడగాలి, లేదా ముందుకు సాగాలి. గాజు గ్లాసు ఉంటే అదే అడగడం మంచిది. పేపరు కప్పు లోపల పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. 100 మిల్లీలీటర్ల వేడి ద్రవం పదిహేను నిమిషాలు అందులో ఉంటే దాదాపు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు కలుస్తాయని ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు తేల్చారు. నాలుగు గుక్కల టీకి పదిహేను నిమిషాలు పట్టదు, నిజమే; అయినా వాన చినుకులకు పై అంచు మెత్తబడి, పట్టుకున్న చోటే నలిగిపోయే ఆ కప్పును సమర్థించడానికి నాకు కారణాలేవీ కనబడవు. కళ్ళజోడు ఉన్నవారికి మాత్రం ఏ గ్లాసైనా ఒకటే: గ్లాసు ఎత్తగానే ఆవిరికి అద్దాలు మసకబారతాయి, తుడుచుకుందామంటే చేతిరుమాలు ఎప్పుడో తడిసిపోయి ఉంటుంది.

ఫిల్టర్ కాఫీ వీధిలో ఓడిపోతుంది, ఇంట్లో గెలుస్తుంది. వీధిలో ఎందుకు ఓడిపోతుందో స్టీలు గ్లాసును పెదవికి ఆనించినవారికి చెప్పనక్కరలేదు. గ్లాసులోంచి డబరాలోకి, డబరాలోంచి గ్లాసులోకి తిరగబోసి నురగ తెప్పిస్తేనే అది తాగే వేడికి దిగుతుంది. ఆ పనికి మళ్ళీ రెండు చేతులూ కావాలి, గొడుగు ఎవరో ఒకరు పట్టుకోవాలి. దంపతులు కలిసి నడిచేటప్పుడు ఈ ఏర్పాటు కుదురుతుందేమో గాని, ఒంటరిగా నడిచేవారికి అసాధ్యం. ఇంటికి చేరాక అయితే కథ వేరు. బయలుదేరే ముందు ఫిల్టరు పై అరలో పొడి వేసి, తేలికగా అదిమి, మరిగే నీళ్ళు పోసి మూత పెట్టి వెళితే, తిరిగి వచ్చేసరికి కింది అరలోకి చిక్కటి డికాక్షన్ చుక్క చుక్కగా దిగి ఉంటుంది. తడి బట్టలు మార్చుకునేంతలో పాలు కాగుతాయి. నడక జరిగినంతసేపూ తన పని తాను చేసుకుపోయే పానీయం ఇదొక్కటే. ఇల్లంతా ఆ వాసన ఉండటం వల్ల, నడకలో పక్కనుంచి దూసుకుపోయిన కారు మన మీద చిమ్మిన బురదనీళ్ళ మీది కోపం కూడా కొంత తగ్గుతుంది.

వానాకాలంలో కాఫీపొడి విషయంలో జాగ్రత్త అవసరం. కాఫీపొడిలో కలిపే చికోరీ అనే వేరు పొడికి చెమ్మను లాగే గుణం ఎక్కువ. మూత సరిగ్గా పెట్టని డబ్బాలోని పొడి ఉండలు కట్టి, ఫిల్టరులో నీళ్ళు దిగకుండా అడ్డుపడుతుంది. మన దేశంలో అమ్మే కాఫీ, చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదన్నది నియమం, అంటే 49 శాతం దాకా చికోరీ ఉండవచ్చు. ఈ కాలంలో చికోరీ తక్కువ ఉన్న పొడిని, అది కూడా చిన్న ప్యాకెట్లలో కొనుక్కోవడం మేలు.

కాఫీ వీధిలో ఓడుతుందన్న నా తీర్పుకు ఒక మినహాయింపు అరకు. విశాఖ నుంచి అనంతగిరి ఘాటు ఎక్కుతుంటే, సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలూ, ఆ చెట్ల కాండాలకు అల్లుకున్న మిరియాల తీగలూ రోడ్డు పక్కనే కనిపిస్తాయి. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. జూలై, ఆగస్టులలో అక్కడ మబ్బు నేల మీదికే దిగి ఉంటుంది. కాయ ఇంకా పచ్చిగానే ఉంటుంది, పండి కోతకు వచ్చేది శీతకాలంలో. ఆ తడి చల్లదనంలో, చికోరీ కలపని పొడితో చేసిన కాఫీ కప్పు పట్టుకొని నిలబడితే అల్లం టీ గుర్తుకు రాదు. అది ఊరి గొప్పతనమా, కాఫీ గొప్పతనమా అని అడిగితే, ఊరిదే ఎక్కువని ఒప్పుకుంటాను. అదే పొడి తెచ్చుకొని హైదరాబాదు ట్రాఫిక్ మధ్య తాగితే అంత అనిపించదు.

ఇక సాయంత్రం నడకవారు ఒక లెక్క చూసుకోవాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం, 150 మిల్లీలీటర్ల కప్పు డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది, టీలో 30 నుంచి 65 దాకా ఉంటుంది. రోజు మొత్తానికి 300 దాటకూడదు. భోజనానికి గంట ముందూ గంట తరువాతా ఈ రెండూ మానాలని, వీటిలోని టానిన్లు తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుకుంటాయని కూడా ఆ సంస్థ చెప్పింది. ఏడు గంటలకు నడక ముగించి, కాఫీ తాగి, ఏడున్నరకు భోజనానికి కూర్చునే ఇళ్ళలో నా ఇంటి కాఫీ పక్షం కొంత బలహీనపడుతుంది. అటువంటివారు నడకను పొద్దుటికి మార్చుకుంటే కాఫీ దక్కుతుంది. మార్చుకోలేనివారికి శొంఠి, మిరియాలు, ధనియాలు నలగ్గొట్టి బెల్లంతో కాచిన కషాయం ఉంది. అందులో కెఫీన్ బెడద లేదు, ఘాటులో అల్లం టీకి తీసిపోదు. బజ్జీల వాసన మధ్య నుంచి నడిచి వచ్చి, వంటింట్లో నిలబడి కషాయం తాగగల నిగ్రహం ఉన్నవారికి దానిని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. నేను మాత్రం ముసురు రోజుల్లో భోజనాన్నే గంట ఆలస్యం చేసుకుంటున్నాను.