పదిహేను నెలలుగా వాడుతున్న మెత్తటి బ్రష్

నాకు కడుపు వచ్చిన మూడో నెలలో ఒకరోజు పొద్దున్నే పళ్ళు తోముకుని ఉమ్మితే నురగంతా గులాబీ రంగు. భయమేసి నాలుగు రోజులు బ్రష్ ముట్టుకోలేదు, వేలితో పేస్టు రాసుకుని పుక్కిలించేదాన్ని. చిగుళ్ళు ఇంకా ఉబ్బాయి. యాపిల్ కొరికితే ముక్క మీద ఎర్రటి చార. "కడుపుతో ఉన్నప్పుడు పళ్ళ జోలికి పోకూడదే" అని అమ్మ అంటున్నా పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. "రక్తం వస్తోందని తోమడం మానేస్తే ఇంకా వస్తుందమ్మా" అన్నారావిడ. ఈ నెలల్లో హార్మోన్లు పెరుగుతాయి కాబట్టి, పంటి మొదట్లో కొంచెం పాచి ఉన్నా చిగురు వాచిపోతుందట.

అప్పుడు కొన్నదే ఈ చిన్న తల ఉన్న, బాగా మెత్తటి బ్రష్. గట్టి బ్రష్‌కి అలవాటు పడ్డ చేతికి మొదటి వారం అసలు తోమినట్టే అనిపించలేదు. చిగురు అంచుకి కాస్త వాల్చి పట్టి, చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు రెండు నిమిషాలు, పొద్దునా రాత్రీ. పన్నెండో రోజుకి నురగ తెల్లబడింది. ఆ పొద్దున నాకెంత ధైర్యం వచ్చిందో! తల చిన్నది కావడంతో వెనక పళ్ళ దాకా పోనిచ్చినా డోకు రాలేదు. వేవిళ్ళతో ఉన్నవాళ్ళకి ఇది పెద్ద మేలు.

వాంతి అవ్వగానే మాత్రం ఏ బ్రష్షూ వాడకండి. కడుపులోని ఆమ్లానికి పంటి పైపొర మెత్తబడి ఉంటుంది. నేను తెలియక తోమి, పళ్ళు పులిసి, చల్లనీళ్ళకి కూడా జివ్వుమంటే ఏడ్చాను. గ్లాసు నీళ్ళలో చెంచా తినే సోడా కలిపి పుక్కిలించి, అరగంట ఆగి తోముకోవడం మొదలుపెట్టాక అది తగ్గింది.

తిండిలో పెద్ద మార్పులేం చెయ్యలేదు. రాగిజావలో బెల్లం మానేసి మజ్జిగ పోసుకున్నాను. సీమంతం మిఠాయిలు రోజంతా నములుతూ కూర్చోకుండా భోజనంతోనే తినేశాను.

లోపాలూ ఉన్నాయి. రెండు నెలలకే బ్రిసిల్స్ విచ్చుకుపోతాయి, ఇప్పుడు నా చేతిలో ఉన్నది ఎనిమిదోది. గట్టిపడ్డ గారని ఇది తియ్యలేదు, అయిదో నెలలో క్లీనింగ్ చేయించుకోవాల్సి వచ్చింది. ఎనిమిదో నెలలో పై చిగురు మీద శనగగింజంత ఎర్రటి బుడిపె లేచింది. డాక్టరుకి చూపిస్తే కాన్పయ్యాక చూద్దామన్నారు, బాబు పుట్టిన రెండు నెలలకి దానంతటదే కరిగిపోయింది. అన్నాళ్ళూ దాని పక్కనుంచి ఈ బ్రష్‌తోనే నొప్పి లేకుండా తోముకున్నాను.