ఫైళ్లు పంపే సాఫ్ట్‌వేర్ కొంటున్నారా? లోపల ఏ లైబ్రరీ ఉందో ముందే అడగండి

మాది చిన్న అకౌంట్స్ ఆఫీసు. జీతాల పట్టికలు, పన్ను పత్రాలు ఖాతాదారుల సర్వర్లకు పంపడానికి ఒక ఎస్‌ఎఫ్‌టీపీ (ఫైళ్లను గుప్తీకరించి పంపే పద్ధతి) సాఫ్ట్‌వేర్ కొన్నాం. ఏటా నిర్వహణ రుసుము కూడా తప్పకుండా కడుతున్నాం. కిందటి నెల ఒక ఖాతాదారు దగ్గర సర్వర్లు చూసే కుర్రాడు ఫోన్ చేశాడు. "సార్, ఇంకా ఇదే వాడుతున్నారా?" అంటూ తన డీబగ్ లాగ్‌ (కనెక్షన్ల వివరాలు నమోదయ్యే ఫైలు) లోంచి ఒక్క వరుస పంపాడు. మా సాఫ్ట్‌వేర్ కనెక్ట్ అవుతూనే తన పేరు తానే చెప్పుకుంటోంది: లిబ్‌ఎస్‌ఎస్‌హెచ్2_1.8.0.

లిబ్‌ఎస్‌ఎస్‌హెచ్2 అంటే మా సాఫ్ట్‌వేర్ లోపల సర్వర్‌తో మాట్లాడే లైబ్రరీ, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్. 1.8.0 దాని 2016 నాటి వెర్షన్. అందులోని తొమ్మిది మెమరీ లోపాలను 2019 మార్చిలో 1.8.1తో సరిదిద్దారు. వాటిలో సీవీఈ-2019-3855 (భద్రతా లోపాల జాబితాలో దాని నంబరు) మరీ ప్రమాదకరం. ప్యాకెట్ పొడవెంతో సర్వరే చెబుతుంది. అది కావాలని పెద్ద అంకె చెబితే, కూడికలో 32 బిట్ల హద్దు దాటి లెక్క మళ్లీ మొదటికొచ్చి చిన్న సంఖ్యగా తేలుతుంది. లైబ్రరీ ఆ చిన్న సంఖ్యకు సరిపడా మెమరీయే కేటాయిస్తుంది. చెంబు పట్టి బిందెడు నీళ్లు పోయించుకున్నట్టే. పొర్లిన డేటా పక్క మెమరీ మీద పడుతుంది. ఆ దారిన మన కంప్యూటర్‌లో దాడి చేసేవాళ్ల కోడ్ నడిచే వీలుంది. అంటే ఖాతాదారు సర్వర్ ఎవరి చేతిలోనైనా పడితే, ఫైలు పంపబోయిన మనకే ముప్పు.

అమ్మినవాళ్లను అడిగితే వచ్చిన జవాబు: "ఎస్‌ఎఫ్‌టీపీ అంటేనే సురక్షితం కదండీ." దారిలో ఎవరూ చదవకుండా గుప్తీకరించడం వేరు, వచ్చిన ప్యాకెట్‌ను సరిగ్గా కొలవడం వేరు అని రెండుసార్లు చెప్పాను. మూడోసారి, కొత్త ఎడిషన్ కొనుక్కోమన్నారు! మరి ఇన్నేళ్లూ కట్టిన రుసుము దేనికో?

ఒక్క మాట. లినక్స్ పంపిణీలు (ఉబుంటు, డెబియన్ వంటివి) పాత నంబరు ఉంచేసి ప్యాచ్ (లోపాన్ని సరిచేసే సవరణ) మాత్రం కలుపుతాయి, అక్కడ నంబరు చూసి కంగారుపడనక్కర్లేదు. మాది విండోస్. లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌తోపాటే వచ్చింది, అది ఉండే డీఎల్‌ఎల్ ఫైలు ప్రాపర్టీస్‌లోనూ అదే 1.8.0 కనిపించింది. లిబ్‌ఎస్‌ఎస్‌హెచ్ అని మరో లైబ్రరీ ఉంది, దానికీ దీనికీ సంబంధం లేదు. అమ్మేవాళ్లు ఆ పేరు చెప్పి మాట దాటేస్తారు, మాతో అదే జరిగింది.

కొనేముందు లోపలి లైబ్రరీ పేరు, వెర్షన్, ప్యాచ్ వస్తే ఎన్ని రోజుల్లో ఇస్తారో కాగితం మీద రాయించుకోండి. మేము ఆ ప్రోగ్రాం తీసేశాం, సర్వర్ల పాస్‌వర్డ్‌లన్నీ మార్చాం. రుసుము వాపసు కోసం రాసిన ఉత్తరానికి ఇంకా జవాబు లేదు.